ఈగ రెక్కలు అందని పిల్లలు

త్రీడీ ఆటకి లోపలికి పంపేముందు నల్లద్దాల్ని స్పిరిట్ గుడ్డతో తుడిచి చేతికిస్తారు. మొన్న విజయనగరంలో మనవల వెంట వెళ్ళినప్పుడు ఆ వాసన ముక్కుకి తగిలేసరికి మనసు తెర దగ్గర నిలవలేదు. గజపతినగరం అవతల ఒక బడి వరండా, చింతచెట్టు నీడ, వరుసలో నిలబడ్డ పిల్లలు, ఆకుపచ్చ రంగేసిన మా క్యాంపు పెట్టె, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి.

ఆ పెట్టె మూత తీస్తే ముందు వచ్చేది స్పిరిట్ వాసనే. లోపల ట్రయల్ లెన్సుల సెట్టు, కంటి పవర్ తేల్చే రెటినోస్కోపు, టార్చిలైటు, అక్షరాల చార్టు, చదువురాని పిల్లలకి ఇంగ్లీషు ‘ఈ’ గుర్తుల చార్టు, కన్ను మూయడానికి నల్ల అట్ట, ఆరు మీటర్ల దగ్గర ముడివేసిన పురికొస ఉండేవి. అట్టడుగున పాత తువ్వాలులో చుట్టి ఒక పల్చటి పుస్తకం. మా జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో అందరికీ అది ‘ఈగ పుస్తకం’. పెద్ద డాక్టరుగారు మద్రాసునుంచి తెప్పించుకున్నారు. పిల్లలు తడి చేతులతో దాన్ని ముట్టుకుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది.

రెండు కళ్ళూ కలిసి చూడలేని మనుషుల గురించి మేం నేర్చుకున్నదంతా ఆ పుస్తకం చుట్టూ నేర్చుకున్నదే. బొమ్మలన్నీ తెరలోంచి బయటికి దూకే కాలం వచ్చింది కదా, వాళ్ళ సంగతులు రాసిపెట్టాలనిపించింది.

*

బడుల్లో కంటి పరీక్ష పొద్దున్నే మొదలయ్యేది. ఎండెక్కితే చార్టు తళతళలాడుతుంది, పిల్లలు కళ్ళు చికిలిస్తారు. చికిలిస్తే ఉన్న చూపుకన్నా మెరుగ్గా చదివేస్తారు, అసలు లోపం దొరకదు. గోడకి చార్టు తగిలించి, పురికొస పరిచి, ముడి దగ్గర సుద్దతో గీత గీసేవాళ్ళం. ఒక్కో కన్నూ విడిగా చూడాలి. అరచేత్తో మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూసేస్తారు. గట్టిగా నొక్కుకుంటే ఆ కన్ను తెరిచాక కూడా కాసేపు మసకగానే ఉంటుంది. అందుకని నల్ల అట్ట. రెండో కంటికి వచ్చేసరికి ఇందాక చదివిన వరుసని బట్టీ పట్టి అప్పజెప్పేస్తారు, కాబట్టి వెనకనుంచి ముందుకి చదివించాలి.

ఎడమ కన్ను మూస్తే కింది వరుస దాకా గడగడా చదివిన పిల్ల, కుడి కన్ను మూయగానే ఆగిపోయేది. "ఏటీ అగుపడ్డంలేదు సార్" అనేది మెల్లగా. వెనకాల నించున్న మాస్టారు, "అదేంటండీ, క్లాసులో బోర్డు మీద అన్నీ చదువుతుంది కదా!" అని ఆశ్చర్యపోయేవారు. చదువుతుంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ పనంతా బాగున్న కన్నే చేసుకుపోతుంది. మసక బొమ్మ పంపే కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది. దానివల్ల నొప్పి లేదు, నీరు కారడం లేదు, చూసేవాళ్ళకి కన్ను మామూలుగానే ఉంటుంది. అమ్మకీ తెలీదు, పిల్లకీ తెలీదు.

మెల్లకన్నయితే బయటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు అడుగుతారు. రెండు కళ్ళ పవర్లో బాగా తేడా ఉన్న పిల్లలే ఎవరి కంటా పడకుండా పెద్దవాళ్ళయిపోయేవారు. పుట్టుకతో ఒక కంట్లో శుక్లం ఉన్నవాళ్ళు, దీపావళి మందుగుండు తగిలినవాళ్ళు, గోటీబిళ్ళ ఎగిరొచ్చి కొట్టినవాళ్ళు, తుమ్మముల్లు గుచ్చుకున్నవాళ్ళు, పెద్దతరంలో అమ్మవారు పోసి నల్లగుడ్డు మీద పువ్వేసినవాళ్ళు, ఇలా దారులు వేరు. చివరికి అందరూ చేరేది ఈగ పుస్తకం దగ్గరికే.

ఆ పరీక్షకో పద్ధతి ఉంది. పిల్లని వెలుతురు తిన్నగా పడని చోట కూర్చోబెట్టాలి. పవర్ అద్దాలుంటే వాటిమీదే బూడిదరంగు పోలరాయిడ్ అద్దాలు పెట్టాలి. పుస్తకాన్ని వాలకుండా, మెరవకుండా, కళ్ళకి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టాలి. పేజీ నిండా ఒక పెద్ద ఈగ. "రెక్క కొస పట్టుకోమ్మా" అనాలి, అంతకుమించి ఒక్క మాట సాయం చెయ్యకూడదు. రెండు కళ్ళూ కలిసి పనిచేసే పిల్లకి ఈగ కాగితం మీంచి పైకి లేచి కనిపిస్తుంది, వేళ్ళు కాగితం దాకా రావు. మూడు నాలుగు సెంటీమీటర్ల ముందే ఆగి గాలిని పట్టుకుంటాయి. కొందరు చెయ్యి వెనక్కి లాక్కుంటారు, మరీ చిన్నవాళ్ళు ఏడుస్తారు. ఆ లోతు చూపు లేని పిల్ల వేలు మాత్రం తిన్నగా వచ్చి కాగితం మీద ఆనుతుంది. గోరు అట్టకి తగిలి టక్కుమంటుంది. పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న డాక్టరుగారు ఆ చప్పుడుకి తలెత్తి చూసేవారు.

ముందు పిల్లలు చేసింది చూసి అదే చేసే తెలివైనవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి పుస్తకాన్ని తలకిందులుగా పట్టాలి. అలా తిప్పితే చూపున్నవాళ్ళకి ఈగ కాగితం వెనక్కి, గుంటలోకి వెళ్ళిపోతుంది. అప్పుడు కూడా గాలినే పట్టుకుంటే అది ఈగని చూసి చేసింది కాదు, ముందువాళ్ళని చూసి చేసింది. ఈగ తర్వాత వలయాలుంటాయి, నాలుగేసి చొప్పున. నాలుగింటిలో ఒకటే పైకి లేస్తుంది. మొదటి వరుసల్లో ఆ లేచే వలయం కొద్దిగా పక్కకి జరిగినట్టు ఒంటికంటికి కూడా తెలిసిపోతుంది, అందుకని అక్కడితో ఆపితే మోసపోతాం. చివరి వరుసలు 60, 50, 40 ఆర్క్ సెకండ్ల దాకా, అంటే చాలా సన్నటి కోణం తేడా దాకా వెళ్తాయి. అవి చెప్పగలిగితే రెండు కళ్ళ స్నేహం పక్కా అన్నమాట.

*

రెండు కళ్ళ మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం ఉంటుంది. దాంతో ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనిపిస్తుంది. ఆ తేడానే మెదడు లోతుగా మార్చుకుంటుందని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ అద్దాలు అమర్చిన పరికరంతో చూపించాడు. ఆనాటి పరికరం నుంచి ఇప్పటి త్రీడీ తెర దాకా కిటుకు ఒక్కటే, ఎడమ కంటికి ఎడమ బొమ్మ, కుడి కంటికి కుడి బొమ్మ అందేలా చెయ్యడం. మిగతాది చూసేవాళ్ళ మెదడు చెయ్యాలి. అక్కడే మా పిల్లలు ఆగిపోయేవారు.

కలవారి ఇళ్ళలో వ్యూమాస్టర్ ఉండేది. గుండ్రటి అట్టలో పద్నాలుగు చిన్న ఫిల్ములు, అంటే ఏడు జతలు. పక్కనున్న మీట నొక్కితే చక్రం టిక్కుమని తిరిగి తరవాతి బొమ్మ వచ్చేది. దాన్ని చూసి "ఓహో" అనని పిల్లలుండేవారు. బొమ్మలు నచ్చలేదేమో అనుకునేవారు పెద్దలు. గీతలున్న ప్లాస్టిక్కు మీద అచ్చేసిన దేవుడి బొమ్మలు మాత్రం ఆ పిల్లలకి ఎంతో ఇష్టం. తల అటూ ఇటూ కదిపితే ఒంటికంటికి కూడా బొమ్మ మారుతుంది కదా!

అసలు సందడి హాళ్ళలో మొదలైంది. 1984లో మలయాళంలో ‘మై డియర్ కుట్టిచాత్తన్’ వచ్చింది, మన దేశంలో తొలి త్రీడీ చిత్రం అదే. తెలుగు మాటలతో అది మా ఊళ్ళకి చేరినప్పుడు పల్లెల నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చారు. హాలు ఆపరేటరు మా డాక్టరుగారి దగ్గర కంటికి చూపించుకునేవాడు. ఆ చనువుతో మమ్మల్ని క్యాబిన్‌లోకి రానిచ్చేవాడు. లోపల కార్బన్ కడ్డీలు మండే ఘాటు వాసన, ప్రొజెక్టరు పళ్ళచక్రాల కటకట, గోడకి తగిలించిన తడి తువ్వాలు.

ఆ ప్రింటులో ప్రతి ఫ్రేమూ రెండు సగాలు, పైన ఒక కంటి బొమ్మ, కింద రెండో కంటి బొమ్మ. ప్రొజెక్టరు ముందు రెండు చెక్కలుగా ఉండే ప్రత్యేకమైన లెన్సు, దానికి అడ్డంగా పోలరాయిడ్ ఫిల్టర్లు. తెరకి వెండిరంగు పూయాలి, ఎందుకంటే మామూలు తెల్లతెర మీద పడితే ఆ పోలరాయిడ్ గుణం చెదిరిపోయి రెండు బొమ్మలూ రెండు కళ్ళకీ అందేస్తాయి. వెండి పూత ఒకచోట మందంగా ఒకచోట పల్చగా పడితే తెర మధ్యలో మెరుపు మచ్చ. ఫిల్టర్లూ కళ్ళద్దాలూ సగానికి పైగా వెలుతురు తినేస్తాయి, అందుకని కడ్డీల మంట పెంచాలి, పెంచితే కడ్డీలు త్వరగా అరిగిపోతాయి. లెన్సు చెక్కలు వెంట్రుకవాసి పైకీ కిందికీ తప్పినా ఇంటర్వెల్ కల్లా జనానికి తలనొప్పి. అన్నిటికన్నా అతుకు ప్రమాదం. తెగిన ఫిల్ముని అతికేటప్పుడు సగం ఫ్రేము జారితే ఎడమ బొమ్మ కుడి కంటికీ, కుడిది ఎడమ కంటికీ వెళ్ళిపోతుంది. ముందుండాల్సింది వెనక్కి, వెనకుండాల్సింది ముందుకి. హాల్లో ఈలలు, క్యాబిన్ తలుపు మీద దబదబ బాదడం. ఆపరేటరు చెమటలు కక్కుతూ ఫ్రేము సర్దేవాడు.

సర్దాక బొమ్మ నిలబడగానే హాలంతా చేతుల అడవి అయిపోయేది. తెరలోంచి ఏది ముందుకొచ్చినా దాన్ని అందుకోవాలని పిల్లలు బల్లలమీద లేచి నిలబడేవారు. క్యాబిన్ కిటికీలోంచి వచ్చే వెలుతురుచారలో ఆ చేతులన్నీ కనిపించేవి. నేలక్లాసులో ఒక గుంటడు మాత్రం తెర చూడకుండా పక్కవాళ్ళని చూస్తున్నాడు. అద్దాలు తీసి చూశాడు, బొమ్మ రెండుగా మసక. పెట్టుకుని చూశాడు, ఒకటే బొమ్మ, కాస్త చీకటిగా, గోడమీదే ఉంది. తుడిచి పెట్టుకున్నాడు. స్నేహితుడి అద్దాలు లాక్కుని పెట్టుకున్నాడు. కొంతసేపటికి తనూ చెయ్యి చాచాడు. అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా చాచి, అందరికన్నా ఆలస్యంగా దించాడు. బయటికొచ్చాక, "నాకూ వచ్చీసిందిరా, ముక్కు దాకా వచ్చీసింది" అని అందరికన్నా గట్టిగా చెప్పింది వాడే.

డాక్టరుగారు వాణ్ణి పిలిచి మర్నాడు ఆసుపత్రికి రమ్మన్నారు. ఎడమ కన్ను పైకి నిక్షేపంలా ఉంది, లోపల ప్లస్ పవర్ చాలా ఎక్కువ. ఈగ మీద గోరు టక్కుమంది.

ఆ సాయంత్రమే ఆయన హాలు యజమానిని అడిగి, టికెట్ల కిటికీ పక్కన ఒక కాగితం అంటించారు. బొమ్మ బయటికి రాకపోతే అది అద్దాల తప్పు కాకపోవచ్చు, పిల్లలని జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో చూపించండి, డబ్బు కట్టనక్కర్లేదు అని. ఆట ఆడినన్నాళ్ళూ ఓపీలో కొత్త ముఖాలు. కొందరు అద్దాలు తలకిందులుగా పెట్టుకున్నవాళ్ళే. తల పక్కకి వాల్చి చూసి నీడలు పడ్డాయన్నవాళ్ళు కొందరు. ఆనాటి పోలరాయిడ్‌కి తల నిటారుగా ఉండాలి, వాలిస్తే ఒక బొమ్మ రెండో కంటిలోకి కారుతుంది. వాళ్ళు పోగా నిజంగా లోతు చూపు లేని పిల్లలు దొరికారు. ఎన్ని బడులు తిరిగినా దొరకని పిల్లలు ఆ కాగితం వల్ల తమంతట తామే నడిచొచ్చారు. త్రీడీ బొమ్మ వల్ల లోకానికి జరిగిన పెద్ద మేలు అదేనని నా నమ్మకం.

కొందరు పెద్దవాళ్ళు కూడా వచ్చారు. ఒక కంటికి శుక్లం తీయించుకుని సోడాబుడ్డి అద్దం పెట్టుకున్నవాళ్ళు. కంటిలోపల లెన్సు పెట్టడం ఇంకా మా వైపు రాని రోజులు. ప్లస్ 10 చుట్టుపక్కల ఉండే ఆ అద్దంలోంచి ప్రతిదీ పాతికశాతం పెద్దగా కనిపిస్తుంది. రెండో కన్ను బాగుంటే రెండు బొమ్మలూ ఒక సైజులో ఉండవు కాబట్టి మెదడు కలపలేదు. కలపలేక రెండేసి మనుషులు కనిపిస్తారు. ఆ బాధ పడలేక ఒక కన్ను మూసుకునే బతికేవారు. లోపలే లెన్సు అమర్చే ఆపరేషన్ వచ్చాక ఆ తరం కష్టం తీరిపోయింది.

*

లోతు చూపు లేదంటే దూరం దగ్గర తెలియవని చాలామంది అనుకుంటారు. అలా అనుకునే పెళ్ళి సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అది తప్పు. ముందున్న తాటిచెట్టు వెనకదాన్ని కప్పేస్తుంది, పట్టాలు దూరం వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి, సాలూరు కొండలు దూరాన నీలంగా పల్చబడతాయి. ఇవన్నీ ఒక్క కంటికీ తెలుస్తాయి. అన్నిటికన్నా బలమైంది కదలిక. తల కాస్త పక్కకి కదిపితే దగ్గరవి గబగబా, దూరంవి నెమ్మదిగా జరుగుతాయి. పైడితల్లమ్మ సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఊగుతూ వెళ్ళేటప్పుడు, ఆ గుంపులో ఒంటికంటివాడికీ రెండు కళ్ళవాడికీ కనిపించేది ఒకటే సిరిమాను. తేడా వచ్చేది చెయ్యిజాచినంత దూరంలో, అదీ కదలకుండా ఉన్న చిన్న వస్తువు దగ్గర. సూదిబెజ్జం, ప్లగ్గు కన్నాలు, గ్లాసు అంచు, చివరి మెట్టు.

పొందూరులో సన్ననూలు వడికే ఒకామెకి చిన్ననాటే ఒక కంట్లో పువ్వేసింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నం మీద ఆమె తీసే నూలు మంచి చూపున్నవాళ్ళకే ఆనదు. తెగిన నూలు ఎలా అతుకుతుందా అని డాక్టరుగారికి ఆశ్చర్యం. దగ్గర కూర్చుని చూశాం. తెగిన కొసని ఆమె వెతకదు. కదురు మీద వేలు ఆనించి, వేలితోనే కొస పట్టి లాగుతుంది. ఏకు చివర పీచుని బొటనవేలితో విసనకర్రలా విప్పి, నూలుని దానిమీద అడ్డంగా వాలుస్తుంది. చక్రం పావు చుట్టు తిప్పగానే పీచు నూలుని పట్టేసుకుంటుంది.

"కొసకి కొస కలుపుదామంటే తప్పుతాది బాబూ. అడ్డంగా ఏసినామనుకో, ఎక్కడో ఒక కాడ తగుల్తాది" అందామె.

ఆ మాటని డాక్టరుగారు ఎంతమందికి అప్పజెప్పారో! ఒక కన్ను కొత్తగా పోయినవాళ్ళు మొదటి నెలల్లో నీళ్ళు ఒలకబోస్తారు, టీ గ్లాసుకోసం చెయ్యిజాచి గాలిని పట్టుకుంటారు, అభిమానంతో ఇంట్లోంచి కదలరు. వాళ్ళకి చెప్పేవి ఇవే. చెంబు మూతిని గ్లాసు అంచుకి ఆనించి అప్పుడు వంచండి. గ్లాసుకోసం చెయ్యి గాల్లోంచి తేవద్దు, బల్లమీదినుంచి జరపండి. సూదిలోకి దారం తిన్నగా పొడవొద్దు, సూదిని తెల్లగుడ్డ ముందు పట్టుకుని దారాన్ని పక్కనుంచి తాకించి జరపండి. మెట్లు దిగేటప్పుడు మడమ వెనక మెట్టుకి రాసుకుంటూ దిగండి, ఇంటి మెట్ల అంచుకి పసుపు పెయింటు గీత వేయించుకోండి. పోయిన కన్ను వైపు నుంచి వచ్చే మనిషి, సైకిలు కనిపించవు, కాబట్టి నడిచేటప్పుడు తోడున్నవాళ్ళని ఆ వైపు ఉంచుకోండి. హాల్లో అయితే ఆ కన్ను గోడవైపు ఉండేలా కూర్చోండి. మిగిలిన కంటికి పవర్ లేకపోయినా దెబ్బకి పగలని పాలీకార్బొనేట్ అద్దాలు ఎప్పుడూ పెట్టుకోండి. ఈ చివరిది మాత్రం ఆయన బతిమాలి చెప్పేవారు.

కుర్రాళ్ళొస్తే పటౌడీ కథ. మా డాక్టరుగారిది క్రికెట్ పిచ్చి. 1961లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో అద్దం ముక్క గుచ్చుకుని మన్సూర్ అలీఖాన్ పటౌడీకి కుడికన్ను చూపు దాదాపు పోయింది. ఆ ఏడాదే టెస్టు ఆడాడు. మరుసటి ఏడు, 21 ఏళ్ళకే, భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. ఆ తర్వాత ఇంగ్లండు మీద 203 కొట్టి నాటౌటుగా నిలిచాడు. రెండు బంతులు కనిపిస్తే లోపలివైపుదాన్ని కొట్టేవాడు, టోపీ కుడికంటి మీదికి లాక్కుని ఆడేవాడు. "అంతటివాడికే టోపీ కావలసొచ్చింది, నీకు ఆసరా కావాలంటే నామోషీ ఏంటోయ్" అనేవారు. 1953లో అమెరికాలో ఒక పెద్ద సంస్థ తీసిన రంగుల త్రీడీ చిత్రానికి దర్శకుడైన ఆంద్రే డి టోత్‌కి ఉన్నది ఒక్క కన్నే. జనం దేనికి ఉలిక్కిపడతారో ఆయన కంటికి ఎప్పుడూ కనిపించలేదు. అయినా తీశాడు, ఆ సినిమా ఘనంగా ఆడింది.

*

పట్టీ వెయ్యడం దగ్గరే మాకు ఎక్కువ యుద్ధం. మెదడు పక్కన పెట్టేసిన కన్ను మళ్ళీ పనిలో పడాలంటే బాగున్న కంటికి పట్టీ వెయ్యాలి. ఇది చెప్పి పంపినా ఇంటికెళ్ళాక పాడైన కంటికే కట్టేవారు, దెబ్బతగిలిన చోటే కదా కట్టు కట్టేది అని. దూదిని పల్చటి గుడ్డలో పెట్టి, మైక్రోపోర్ టేపుతో చర్మానికి అతికించాలి. కళ్ళజోడు మీద అతికిస్తే పక్కనుంచి తొంగిచూస్తారు. ముందు సరైన పవర్ అద్దాలు, ఆ తర్వాతే పట్టీ. చూపు ఒక మోస్తరుగా తగ్గితే రోజుకి రెండు గంటలు, బాగా తగ్గితే ఆరు గంటలు. మా వైపు ఉక్కకి టేపు ఊడిపోతుంది, దురదకి పిల్లలు పీకేస్తారు. అందుకని పొద్దున్న చల్లపూట వేయించేవాళ్ళం. పట్టీ వేసి ఊరికే కూర్చోబెడితే లాభం తక్కువ. బియ్యంలో రాళ్ళేరడం, కనకాంబరాలు మాలకట్టడం, పాత పేపరు తీసుకుని అక్షరాల గుండ్రాల్లో ఎర్రపెన్సిలుతో రంగు నింపడం, ఇవి మా మందులు. గుండ్రాలకి తెలుగులో కొదవేముంది!

"మెల్లకన్ను అదురుష్టం బాబూ, దాన్నేటీ సెయ్యొద్దు" అనే నాయనమ్మలతో డాక్టరుగారు వాదించేవారు కాదు. "అదృష్టం అలాగే ఉంటుందమ్మా, చూపు కూడా ఉంటే ఇంకా మంచిది కదా" అనేవారు. అరసవల్లి వెళ్ళి మొక్కుకుని వస్తామంటే, "స్వామిని దర్శించుకుని తిన్నగా ఇటే రండి, దారిలోనే కదా" అని తేదీ రాసిచ్చేవారు. కళ్ళలో ఆకుపసర్లు, చనుబాలు పోసేవాళ్ళమీద మాత్రం గట్టిగా కోప్పడేవారు. నల్లగుడ్డు మీద పుండుపడి నిండుకన్ను పోయేది అక్కడే.

ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే చూపు బాగా తిరిగొస్తుంది. పెద్దపిల్లల్లో కూడా కొంత వస్తుంది, వదిలెయ్యకూడదు. లోతు చూపు మాత్రం అంతకన్నా మొండిది. పుట్టిన కొద్ది నెలల్లో వచ్చిన మెల్లకి రెండేళ్ళలోపే ఆపరేషన్ జరిగితే కొంత ఆశ ఉంటుంది. ఆలస్యంగా చేయిస్తే కన్ను నిటారవుతుంది, మనిషి తలెత్తుకు తిరుగుతాడు, ఈగ మాత్రం లేవదు. అయినా చేయించుకోవడం వృథా కాదు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడగలగడం చిన్న సంగతేం కాదు. అమెరికాలో సూసన్ బ్యారీ అనే శాస్త్రవేత్తకి పసితనం నుంచీ మెల్ల, 48వ ఏట కంటి వ్యాయామాలతో లోతు చూపు వచ్చింది. అది నిజమే, దాన్ని చూపించి అందరికీ వస్తుందని డబ్బులు గుంజేవాళ్ళు మాత్రం పల్లెవాళ్ళని నిలువునా ముంచుతున్నారు.

*

2009లో ‘అవతార్’ వచ్చాక త్రీడీ జాతర వినోదం కాకుండా పోయింది, మామూలైపోయింది. ఇప్పుడు అద్దాలు వేరు. పోలరైజేషన్ గుండ్రంగా తిరిగే రకం కాబట్టి తల వాల్చినా నీడ పడదు. వెలుతురు కష్టం మాత్రం పోలేదు. మామూలు ఆటకి తెరమీద 14 ఫుట్‌లాంబర్టుల వెలుగు లెక్క, త్రీడీకి అద్దాల్లోంచి నాలుగున్నర అటూ ఇటూ. లోతు చూపు లేనివాళ్ళు ఎక్కువ డబ్బిచ్చి చీకటి సినిమా చూస్తున్నారన్నమాట. ఇంట్లో అందరూ వెళ్తున్నారని వెళ్ళడం వేరు. తమకోసమే అయితే టూడీ ఆట ఎక్కడుందో వెతుక్కోవడం మేలు.

అద్దాలు తీసేసి చూస్తే రెండు బొమ్మలూ కలిసిపోయి మసకే, కాబట్టి పెట్టుకునే తీరాలి. ఒక కన్ను పూర్తిగా లేనివాళ్ళకి ఆ అద్దాలు చాలు, బొమ్మ ఒకటే కనిపిస్తుంది. కన్ను అప్పుడప్పుడు జారేవాళ్ళకీ, రెండు బొమ్మల్ని పట్టి ఉంచలేనివాళ్ళకే ఆ రెండున్నర గంటలు నరకం. వాళ్ళు ఒక కంటి అద్దానికి లోపలివైపు నల్లకాగితం అంటించుకుంటే సరిపోతుంది. రెండు కళ్ళతోనూ చూడాలంటే రెండుచోట్లా ఎడమ అద్దమే ఉన్న జోడు తయారుచేసుకోవచ్చు. పాత జోడులోని ఎడమ అద్దాన్ని కుడి ఫ్రేములోకి మార్చేటప్పుడు తలకిందులు చేసినా ఫర్వాలేదు గానీ, వెనకవైపు ముందుకి తిప్పకూడదు. తిప్పితే పనిచెయ్యదు.

త్రీడీ టీవీలు 2010 ప్రాంతంలో ఇళ్ళలోకి వచ్చి, 2017 కల్లా తయారీ ఆగిపోయాయి. ఆ కాసిని ఏళ్ళలోనే ఎన్ని ఇళ్ళల్లో ఒక పిల్లో పిల్లాడో మూల కూర్చున్నారో! ఇప్పుడు తలకి తొడిగే వీఆర్ పెట్టెలు. సెల్‌ఫోను దూర్చే అట్టపెట్టె రకానికి తల తిప్పడం తెలుస్తుంది గానీ ముందుకి వంగడం, పక్కకి జరగడం తెలియదు, ఒంటికంటికి అందులో అంతా చదును. శరీరం జరిగిన సంగతి కూడా పసిగట్టే ఖరీదైన రకంలో మాత్రం తల జరిపితే దగ్గరవి వేగంగా, దూరంవి నెమ్మదిగా కదులుతాయి. పొలం గట్టుమీద ఎలా తెలుస్తుందో అక్కడా లోతు అలాగే తెలుస్తుంది. సినిమా ఇవ్వలేనిది అది ఇవ్వగలదు.

వైకల్యం ఎంత శాతమో తేల్చి కాగితం ఇచ్చే సదరం క్యాంపుల్లో ఒంటికంటివాళ్ళ వరుస ఇప్పటికీ ఉంటుంది. రెండో కన్ను బాగుంటే కాగితం మీద రాసేది 30 శాతం. సాయాలన్నీ 40 దగ్గర మొదలవుతాయి. లారీ క్లీనర్లు, తాపీ మేస్త్రీలు, జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళు అంతదూరం నుంచి వచ్చి ఆ అంకె విని వెళ్ళిపోతారు. చూపుని అంకెల్లో కొలవక తప్పదు. కానీ పరంజా మీద నిలబడి ఇటుక అందుకునే మనిషికి చెయ్యిజాచినంత దూరమే జీవనాధారం. ఆ లెక్క ఎక్కడో ఒకచోట చేరాలి.

ఇప్పుడు కొన్ని బడుల్లో కూడా పాఠాలు వీఆర్‌లో చూపిస్తున్నారు. మాస్టార్లు చెయ్యగల పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చులేదు. పెన్సిలు ములుకు పైకి ఉండేలా మీరు నిటారుగా పట్టుకోండి, పిల్ల కళ్ళ ముందు, దాని చెయ్యి అందేంత దూరంలో. పిల్లకి ఇంకో పెన్సిలు ఇచ్చి, ములుకు కిందికి పట్టి, పైనుంచి ఒక్క ఊపున మీ ములుకు మీద ఆనించమనండి. మోచెయ్యి ఎక్కడా ఆననివ్వకండి, పక్కనుంచి వెతుక్కోనివ్వకండి. రెండు కళ్ళతో నాలుగైదుసార్లు, తర్వాత ఒక కన్ను నల్ల అట్టతో మూసి మరో నాలుగైదుసార్లు. చూపు బాగున్న పిల్ల రెండు కళ్ళతో తాకిస్తుంది, ఒక కంటితో తప్పుతుంది. రెండుసార్లూ ఒకేలా తప్పితే ఆ పేరు రాసుకోండి. తెరలో బొమ్మ బయటికి వచ్చిందా అని అడిగితే అందరూ వచ్చిందనే అంటారు, అందుకని అడగొద్దు, పట్టుకోమనండి. చెయ్యి ఎక్కడ ఆగిందో చూడండి. ఆ పేర్లు జిల్లా ఆసుపత్రి కంటి విభాగానికి పంపితే మిగతాది అక్కడివాళ్ళు చూసుకుంటారు.